తాకట్టు పెట్టని రోజులు
(సంఘం ఆన్‌లైన్ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా 'మేము' అంటే ఎవరో చెప్పాలి. సంఘంలో పనిచేసే నలుగురైదుగురం కూర్చుని రాసుకున్న మాటలివి. మాలో కాఫీ తోట ఉన్నవాళ్లున్నారు, బడిపంతుళ్లున్నారు, విశాఖలో ఉద్యోగం చేస్తూ పండక్కి మాత్రమే కొండెక్కేవాళ్లూ ఉన్నారు. చదివేది ఒకరే అయినా మాట అందరిదీ.

మాకు ఇచ్చిన విషయం 'రోజువారీ చిన్న చిన్న సంగతుల్లో సంతోషం'. ఈ మాట గ్రూపులో పెట్టగానే మీలో ఒకరు వెంటనే అడిగారు: "అంటే ఉన్నదాంతో సర్దుకోమంటారా?" అడిగిన తీరు మాకు నచ్చింది. అందుకే ముందు దానికి జవాబు చెప్పి మిగతా సంగతికి వెళ్తాం.

సర్దుకోమనడం లేదు. మన మన్యంలో ఇప్పటికీ రోడ్డు లేని గూడేలున్నాయి. నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో కట్టుకుని, వాగు దాటించి, అంబులెన్సు ఆగే చోటుదాకా మోసుకెళ్లడం మీలో చాలామంది చూశారు. కొందరు భుజం పట్టారు కూడా. ఆ డోలీ మోసేవాడితో "పక్కన పూలు ఎంత బాగున్నాయో చూడు" అనడం మనిషి చేసే పని కాదు. రోడ్డు అడగాలి, డాక్టరును అడగాలి, బడికి పంతులును అడగాలి. అడిగేటప్పుడు గొంతు తగ్గించనక్కర్లేదు. చిన్న సంతోషాల పేరు చెప్పి పెద్ద లోటును కప్పేసే మాటలు మనకు చాలామంది చెబుతుంటారు. "మీకేమండీ, హాయిగా అడవిలో ఉంటారు" అంటారు. అనేవాళ్లు మాత్రం సాయంత్రం బస్సుకు కిందికి దిగిపోతారు.

మేం చెప్పదలచినది వేరు. అది ధింసాతో మొదలుపెడితే మీకు సులువుగా అందుతుంది.

ధింసా మీ అందరికీ వచ్చు. రాని వాళ్లయినా పెళ్లిలో ఎవరో చెయ్యి పట్టి లాగితే వరసలో కలిసిపోయినవాళ్లే. ధింసాలో ఎనిమిది రకాలున్నాయని పెద్దవాళ్లు చెబుతారు. వాటి పేర్లు ఎంతమందికి తెలుసు? బోడ ధింసా తెలిసే ఉంటుంది. అది ఊరి దేవతకు ఆడేది. మగవాళ్లొక వరస, ఆడవాళ్లొక వరస, ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుంటారు. ముందున్నవాడు నెమలి ఈకల కట్ట పట్టుకుని నడిపిస్తాడు. బాగ్ ధింసా అంటే పులి ఆట. పులి మీదపడితే తప్పించుకునే తీరు అందులో ఉంటుంది. కుందా ధింసాలో భుజంతో భుజాన్ని నెట్టుకుంటారు. వదినా మరదళ్ల సరసం అంతా ఆ నెట్టుడులోనే తెలిసిపోతుంది.

ఇంకొకటుంది, పొతర్ తోలా ధింసా. మన ఆదివాసీ ఒడియాలో పొతర్ అంటే ఆకు, తోలా అంటే కోయడం. ఆకు కోసే ఆట అన్నమాట. సగంమంది ముందు వరసలో నిలబడితే మిగతావాళ్లు వెనక నిలబడి ముందువాళ్ల భుజాల మీద చేతులు వేస్తారు. తలలు కుడికీ ఎడమకీ ఊగుతాయి. తుడుము దెబ్బకు వరస మొత్తం ముందుకీ వెనక్కీ కదులుతుంది.

దీని గురించి మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. పులి గురించి ఆట కట్టారంటే సరే, పులి పెద్ద సంగతి. దేవత గురించి కట్టారు, అదీ సరే. ఆకు కోయడం గురించి ఎందుకు కట్టారు? ఆకు కోత అంటే ఏముంది అందులో? తెల్లవారి లేచి అడవికి పోవడం, అడ్డతీగ ఎక్కడ పాకిందో వెతకడం, ముదురు ఆకు, లేత ఆకు చూసుకుని కోయడం, కట్ట కట్టి నెత్తిన పెట్టుకుని దిగడం. ఇంటికి తెచ్చాక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని సన్నటి వెదురుపుల్లలతో విస్తళ్లు కుట్టడం. ఏళ్ల తరబడి చేసిన పని. డబ్బు పెద్దగా రాని పని, నడుము నొప్పెట్టే పని. అలాంటి పనికి ఒక తాళం, ఒక అడుగు, ఒక పేరు పెట్టినవాళ్లు ఎవరో మనకు తెలియదు. కానీ ఒక్కటి మాత్రం తెలుస్తోంది. వాళ్లు ఆ పనిని చాలా దగ్గరగా చూశారు. చెయ్యి పైకెత్తినప్పుడు పక్కమనిషి భుజం ఎలా కదులుతుందో చూశారు. కొండమీద పనిచేసే పదిమంది ఆడవాళ్ల తలలు ఒకేలా ఊగడం చూశారు. చూసి, "ఇది బాగుంది" అనుకున్నారు. పని అయ్యాక సంతోషపడదామని ఆగలేదు. ఆ పనిలోంచే ఆట తీశారు.

మన పెద్దవాళ్లు సంతోషం మీద పుస్తకాలు రాయలేదు. పొతర్ తోలాను మించిన పుస్తకం ఎవరైనా రాయగలరని మాకు అనిపించదు.

ఇప్పుడు ధింసా ఎక్కడ ఎక్కువ కనిపిస్తోంది? రిసార్టుల్లో, మంత్రిగారు దిగే హెలిపాడ్ దగ్గర. ఒకే రంగు చీరలు, మెడలో పూసలు, ఎండలో రెండు గంటలు నిరీక్షణ. డబ్బులిస్తే ఆడటంలో తప్పులేదు. కళాకారులకు కూలి గిట్టాల్సిందే, ఇంకా ఎక్కువ గిట్టాలి. మా బాధల్లా ఒకటే, ఆట పరాయివాళ్ల కళ్ల కోసమే మిగిలిపోతే ఎలా అని. కెమెరా లేనిరోజు కూడా మోరి ఊదేవాడు ఊరికొక్కడు ఉండాలి.

ఇక చిన్న సంగతులు నిజంగా చిన్నవేనా అన్నది చూద్దాం. ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పక తప్పదు.

1879 మార్చిలో రంప కొండల్లో పితూరీ లేచింది. పరీక్షల కోసం చదివినవాళ్లకు సంవత్సరం గుర్తుండే ఉంటుంది. కారణం గుర్తుందా? ఆ ప్రాంతాన్ని ఏలుతున్న మన్సబుదారు పన్నులు పెంచుకుంటూ పోయాడు. వాటిలో చిగురు పన్ను ఒకటి, అంటే కల్లు మీద పన్ను. దానికి తోడు మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ పద్ధతి తెచ్చింది. ఇంట్లో తాగడానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైపోయింది. కల్లు హక్కును గుత్తేదారులకు వేలం వేశారు. జనం తిరగబడటానికి ఇంకా కారణాలు ఉన్నాయి, వడ్డీ వ్యాపారుల దోపిడీ ఉంది, పోలీసుల దాష్టీకం ఉంది. కానీ అందరి కడుపూ మండింది మాత్రం ఆ కల్లు దగ్గరే.

కల్లు గురించి చెబుతున్నామని నవ్వకండి. మిమ్మల్ని తాగమనడం లేదు, మద్యం మన ఇళ్లను ఏం చేసిందో మనకు తెలుసు. ఆ రోజుల్లో జీలుగు చెట్టు అంటే ఏమిటో ఆలోచించండి. తెల్లవారుజామున ఒకడు చెట్టెక్కుతాడు. కింద పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. ఆనపకాయ బుర్ర చేతులు మారుతుంది. నిన్నటి గొడవ, రేపటి దున్నకం, పిల్లదాని సంబంధం అన్నీ అక్కడే తేలతాయి. ఊరికి అదే కచేరీ, అదే పేపరు, అదే కాస్త సుఖం. దొరతనం దాన్ని ఆదాయపు లెక్కలో రాసుకుంది. మనవాళ్లు దాన్ని రోజులో మొదటి గంటగా చూశారు. ఆ గంటను లాక్కుంటే ఊరుకోలేదు.

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు, కట్టెలు, మేత, ఒక్కొక్కటిగా అనుమతి అడగాల్సినవి అయిపోయాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను మీద దాడితో అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, మల్లు దొరల పోరాటం మొదలయ్యే నాటికి ఆ కడుపుమంటకు నలభై ఏళ్ల వయసుంది. దానికి తోడు రోడ్డు పనికి సరైన కూలి లేకుండా చాకిరీ. విగ్రహాలకు దండలు వేసినప్పుడు మనం పెద్ద పెద్ద మాటలు చెప్పుకుంటాం. ఆ పోరాటాల వేర్లు చూస్తే అన్నీ ఇంటి సంగతులే కనిపిస్తాయి. పొయ్యిలోకి కట్టె, పశువుకు మేత, కొండవాలు మీద చారెడు సామలు.

ఇప్పటికీ సర్కారు కాగితాల్లో మనం ఏరుకునే చింతపండు, కరక్కాయ, తేనె, అడ్డాకు, కొండచీపురు అన్నింటికీ ఒకే పేరు 'చిన్న తరహా అటవీ ఉత్పత్తులు'. కలప పెద్దది, మనది చిన్నది. ఎవరి లెక్క వాళ్లది. ఆ 'చిన్న' వాటి మీద హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలో రాసి ఉంది. అంతకుముందే, 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది కూడా ఆ చిన్న వాటిని షావుకారి తూకం నుంచి కాపాడటానికే. ఇక నుంచి ఎవరైనా 'చిన్న సంగతి' అంటే ఒక్కసారి ఆగి ఎవరి లెక్కలో చిన్నది అని అడగండి.

ఇక అసలు మాటకు వద్దాం. షావుకారు అన్నాం కదా. మన తాతలు అవసరానికి అప్పు చేసి భూమి తాకట్టు పెట్టారు. కుంచెడు గింజలకు ఎకరం పోయిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆ భూమిని కాపాడటానికి ఒకటి బై డెబ్బై వచ్చింది. 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో గట్టిపరిచి, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకట్ట వేశారు. ఎంత అమలైందన్నది వేరే సభలో మాట్లాడుకుందాం. భూమికైతే ఒక చట్టముంది.

మీ తరం ఇంకొకటి తాకట్టు పెడుతోంది. రోజుల్ని.

"ఉద్యోగం వచ్చాక చూద్దాం." ఈ మాట మాకు రోజూ వినిపిస్తుంది. ఉద్యోగం వచ్చాక ఊరికి వస్తాను. ఉద్యోగం వచ్చాక అవ్వతో కూర్చుంటాను. ఉద్యోగం వచ్చాక నవ్వుతాను. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000లో మూడో నంబరు జీవో వచ్చింది. దాన్ని నమ్ముకుని ఎంతమంది డీఎడ్‌లు, బీఎడ్‌లు చేశారో మీకు తెలుసు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ దెబ్బ ఇంకా మానలేదు. దానికోసం చేసే పోరాటం చేయాల్సిందే, సంఘం అందులో ఉంది. అయితే ఈలోగా గడిచిన మంగళవారాలు, బుధవారాలు ఏమయ్యాయి? అవి ఎవరి ఖాతాలో పడ్డాయి? పరీక్ష పోయిన రోజున ఫోను ఆపేసి రెండు రోజులు ఎవరికీ కనిపించకుండా పోయిన తమ్ముడు మనలోనే ఉన్నాడు. దొరికాడు, బాగున్నాడు. కానీ ఆ రెండు రోజులు వాళ్లమ్మ గుమ్మంలోనే కూర్చుంది.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని లేదనిపించే స్థితిలో ఉన్నవాళ్లకు చిన్న సంతోషాల కబుర్లు మందు కావు. అలాంటప్పుడు మనిషితో మాట్లాడాలి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోను సేవ ఉంది, నంబరు 14416. డబ్బులు అక్కర్లేదు. సిగ్గూ అక్కర్లేదు. రాసి పెట్టుకోండి, మీకు కాకపోతే పక్కవాడికి పనికొస్తుంది.

ఎదురుచూడటం మన జనానికి కొత్త కాదు. నిజానికి మనంత బాగా ఎదురుచూడటం తెలిసినవాళ్లు తక్కువ. 'కొత్త తినడం' గుర్తుచేసుకోండి. చెట్టునిండా మామిడికాయలుంటాయి, కానీ కొత్త పెట్టేదాకా ముట్టుకోరు. పాదు మీద చిక్కుళ్లు వేలాడుతుంటాయి, కొత్త కాలేదు కాబట్టి కూర వండరు. సామలు, కొర్రలు ఇంటికొచ్చినా అంతే. దిసారి మంచిరోజు చెబుతాడు. ఆ రోజు దేవతకు పెట్టి, చచ్చిపోయిన పెద్దలకు పెట్టి, ఊరంతా కలిసి తింటారు. చిన్నపిల్లలు ఆ వారం రోజులూ చెట్టు కిందే తిరుగుతారు, రాలిన కాయ జేబులో దాచుకుని అవ్వ చేత చీవాట్లు తింటారు. తీరా తిన్నది ఏమిటి? ఒక మామిడిముక్క. కానీ దాని రుచి చూడండి! బజార్లో కిలో కొనుక్కుని ఫోను చూస్తూ తిన్న పళ్లకు ఆ రుచి రమ్మన్నా రాదు.

ఈ ఎదురుచూపుకూ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపుకూ తేడా ఎక్కడుంది? కొత్త తినడానికి ఒక రోజుంది. అది వస్తుంది, వచ్చి తీరుతుంది. ఊరంతా కలిసి ఎదురుచూస్తుంది. నలుగురికి దొరికి ఒకరికి దొరక్కపోవడం ఉండదు. అన్నింటికంటే ముఖ్యం, ఎదురుచూసే రోజుల్లో బతుకు ఆగదు. చెట్టును చూస్తారు, కాయ రంగు చూస్తారు, పిందె ఎంత రాలిందో చెప్పుకుంటారు. నోటిఫికేషన్ కోసం ఒక్కడే గదిలో కూర్చుని ఎదురుచూస్తాడు, తేదీ తెలియదు, చూడటానికి చెట్టు లేదు. చదవొద్దని ఎవరూ అనడం లేదు. గట్టిగా చదవండి. కానీ ఆ చదువు చుట్టూ ఒక చెట్టు, ఒక పాదు, పక్కన ఒక మనిషి ఉండేలా చూసుకోండి. పదిమంది కలిసి చదువుకునే చోటు ఊళ్లో ఉంటే ఇంకా మంచిది. మూతబడ్డ కమ్యూనిటీ హాళ్లు ఊరూరా ఉన్నాయి. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే పని.

ఇక చూడటం సంగతి.

వలిసె పూలు పూసే కాలంలో అరకులోయ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఎక్కడెక్కడి నుంచో కార్లు వస్తాయి. చేలో నిలబడి ఫొటో దిగడానికి మనిషికి ఇంతని పొలంగలవాళ్లు తీసుకుంటున్నారు. మంచిదే, తొక్కిన మొక్కకు ఖరీదు కట్టాలి కదా. ఆ వచ్చినవాళ్లు చూసేది పసుపు రంగు. మనకు అందులో కనిపించాల్సినవి ఇంకా ఉన్నాయి. ఏ చెక్కలో గింజ బాగా కట్టింది, తేనెటీగలు ఏ వైపు నుంచి వస్తున్నాయి, మంచు ఎక్కువ పడితే ఏమవుతుంది, ఈ గింజ గానుగకు వెళ్తే ఎంత నూనె దిగుతుంది. వాళ్లు అరగంటలో చూసి వెళ్లిపోతారు, మనకు అది మూడు నెలల కథ. కథ తెలిసినవాడికి పువ్వు ఎక్కువ అందంగా ఉంటుందని మా నమ్మకం. కానీ మీలో కొందరు ఇప్పుడు వాళ్లలాగే వచ్చి, వాళ్లు నిలబడ్డ చోటే నిలబడి, అదే ఫొటో తీసుకుని వెళ్తున్నారు. ఫొటో తీసుకోండి, కాదనం. ఆ చేను దున్నినవాడితో రెండు మాటలు మాట్లాడి తీసుకోండి.

కాఫీ కూడా అంతే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో మన కాఫీ పేరుతో దుకాణం తెరిచారు. అదంతా మనకు గర్వమే. కానీ కాఫీ పూత సంగతి ఎంతమందికి తెలుసు? వేసవి మొదట్లో నాలుగు చినుకులు పడ్డాక, కొద్ది రోజులకు ఒక పొద్దున లేచేసరికి కొమ్మలన్నీ తెల్లగా ఉంటాయి. మల్లెపూల లాంటి వాసన తోటంతా. రెండు మూడు రోజులే, తర్వాత రాలిపోతుంది. ఆ రెండు రోజులు ఊళ్లో ఉన్నవాళ్లకే దక్కుతుంది. పారిస్‌లో కప్పు కాఫీకి ఎంతిచ్చినా ఆ వాసన రాదు. ఇక పండు కోత రోజుల్లో ఎర్రదాన్నే కోయాలి, పచ్చిదాన్ని వదిలేయాలి, మళ్లీ కొన్ని రోజులకు అదే మొక్క దగ్గరికి రావాలి. ఒకే మొక్క దగ్గరికి నాలుగైదుసార్లు వచ్చినవాడికి ఆ మొక్క తెలిసిపోతుంది. సిల్వర్ ఓక్ మీదికి మిరియాల తీగ ఎంతదాకా ఎగబాకిందో కూడా తెలుస్తుంది. (అన్నట్టు, ఇంత కాఫీ పండించే మన ఇళ్లలో తాగేది మాత్రం టీయే. దీనికేం చేయాలో మాకూ తెలియడం లేదు.)

కిరండూల్ రైలు ఎక్కని వాళ్లు మనలో లేరు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన లైను అది. మన కోసం వేసింది కాదు. అయినా మనవాళ్లు దాన్ని తమది చేసుకున్నారు. పనసకాయలు ఎక్కిస్తారు, చీపురుకట్టలు ఎక్కిస్తారు, అల్లం బస్తా మీద పిల్లను కూర్చోబెడతారు. సొరంగం రాగానే పెట్టె మొత్తం చీకటవుతుంది, పిల్లలందరూ ఒక్కసారే కేక వేస్తారు. ఎన్నిసార్లు ఎక్కినా వేస్తారు. సొరంగం దాటి వెలుగులోకి రాగానే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. ఎవరికీ ఏమీ ఖర్చు లేదు. ఎప్పటి నుంచి మనం ఆ కేక మానేశామో గుర్తుచేసుకోండి. డిగ్రీలో చేరిన ఏడాదేనా?

ఇటుకల పండుగ మాట కూడా చెప్పాలి, లేకపోతే చెల్లెళ్లు ఊరుకోరు. చైత్రంలో మగవాళ్లు వేటకు పోవాలి. ఇప్పుడు వేట పేరుకే. వట్టి చేతులతో వస్తే పేడనీళ్లు సిద్ధంగా ఉంటాయి. ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్లను ఆపి పజోరు వసూలు చేస్తారు. ఆఫీసరైనా, టూరిస్టైనా ఇవ్వకుండా కదలనివ్వరు. ఏడాదంతా తల వంచి పనిచేసిన ఆడవాళ్లకు ఆ కొద్ది రోజులూ రోడ్డు మీద హక్కు. ఇచ్చేది పదో ఇరవయ్యో, నవ్వు మాత్రం ఊరంతటికీ సరిపోతుంది. ఆ పండక్కే శంకుదేవుడి దగ్గర విత్తనాలు పెట్టి, ఇంటింటికీ పంచి, పొలానికి తీసుకెళ్తారు. గుప్పెడు గింజలు, అంతే. ఆ గుప్పెట్లో వచ్చే ఏడాది తిండి ఉంది.

పట్నంలో ఉన్నవాళ్లు "మాకివన్నీ ఎక్కడ దొరుకుతాయి" అంటారు. నిజమే, గాజువాకలో కాఫీ పూత దొరకదు. విశాఖలో బట్టల షాపులో పనిచేసే ఒక చెల్లి మాతో చెప్పిన సంగతి చెబుతాం. రోజంతా నిలబడే పని. హాస్టల్లో నలుగురు ఒక గదిలో. మొదటి ఆరు నెలలూ ఏడుపే. ఒకసారి ఊరి నుంచి వస్తూ చోడిపిండి తెచ్చుకుంది. ఆదివారం అంబలి కాచింది. గదిలో శ్రీకాకుళం పిల్ల "ఇది మా ఇంట్లోనూ కాస్తారు" అంటూ దగ్గరికొచ్చింది. ఇంకొకామె ఉల్లిపాయ తరిగింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ గదిలో అంబలి ఉంటుందట. "జీతం పెరగలేదు, కాళ్ల నొప్పి తగ్గలేదు. ఆదివారం కోసం శనివారం నుంచే బాగుంటుంది" అంది. కూర్చోవడానికి స్టూలు అడగాలని ఆ నలుగురూ కలిసి యజమాని దగ్గరికి వెళ్లారట కూడా. ఏమన్నాడో ఇంకా తెలియదు. అంబలి దగ్గర కూడకపోతే ఆ నలుగురూ అడగడానికి కలిసేవాళ్లు కాదని మాకనిపించింది. సర్దుకోమంటారా అని అడిగిన తమ్ముడికి ఇంతకంటే మంచి జవాబు మా దగ్గర లేదు.

ఇక మాటల సంగతి, దానితో ముగిస్తాం. పొతర్ తోలా అనే పేరు పోతే ఆ ఆట ఉత్త గెంతుడే అవుతుంది. చెట్టు పేరు, దుంప పేరు, వాన రకం పేరు, ఇవి మీ అవ్వ నోట్లో ఉన్నాయి. కువిలో ఉన్నాయి, కొండ భాషలో ఉన్నాయి, ఆదివాసీ ఒడియాలో ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు మన సవర సోదరుల భాష పట్టుదలగా నేర్చుకుని 1938లో నిఘంటువు తెచ్చారు. బయటి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అంత శ్రమపడితే, ఇంట్లోనే అవ్వను పెట్టుకున్న మనం చేతిలో ఫోను ఉండి కూడా రికార్డు చేయడం లేదు.

కాబట్టి సంఘం ఒక పని అడుగుతోంది. వచ్చే ఇటుకల పండుగ లోపు మీలో ఒక్కొక్కరు ఒక పెద్దమనిషి దగ్గర అరగంట కూర్చోండి. మైకు ముందు పెట్టి "అవ్వా, చెప్పు" అంటే ఏమీ చెప్పదు. ఆమె విస్తరి కుడుతుంటే మీరూ రెండు కుట్టండి, చింతపండు గింజ తీస్తుంటే మీరూ తీయండి. మాటలు వాటంతటవే వస్తాయి. ఒక ధింసా అడుగు పేరు, ఒక ఆకు పేరు, ఒక కొత్త తినే పద్ధతి, ఏదైనా సరే. ఊరి పేరు, చెప్పినవారికి ఇష్టమైతే వారి పేరు కలిపి గ్రూపులో పెట్టండి. వచ్చే సంచికలో అచ్చువేస్తాం. ఎనిమిది ధింసాల్లో బయా ధింసా అడుగులు సరిగ్గా తెలిసినవాళ్ల కోసం మేం వెతుకుతున్నాం. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే ముందు ఆ సంగతి చెప్పండి.

ఇక్కడ మబ్బు పట్టింది, వాన మొదలైతే సిగ్నల్ ఉండదు. ఈలోగా అడగాల్సినవి అడగండి. మొదట ఆ "సర్దుకోమంటారా" అన్న తమ్ముడే మైకు ఆన్ చేయాలి.